మా చెరువు మోటారు నంబరు

మా ఆయన కొత్త ఫోను కొన్న రోజు మా ఇంట్లో అన్నం బాగా పొద్దుపోయాక ఉడికింది. వండే మనిషిని వంటింటి గుమ్మంలో నిలబెట్టి ఆయన ఉపన్యాసం ఇస్తుంటే బియ్యం ఎవరు కడుగుతారు?

"ఇన్నాళ్ళూ ఫోన్ల కంపెనీలు నెట్‌వర్కు పట్టే చిప్పు ఇంకొకళ్ళ దగ్గర కొనుక్కునేవి. ఇప్పుడు ఈ కంపెనీ ఆ చిప్పు కూడా సొంతంగా చేసుకుంది. తెలుస్తుందా?" అన్నారు.

"అంటే ఆవకాయ కొట్లో కొనుక్కునేవాళ్ళు ఇంట్లో పెట్టుకోవడం మొదలెట్టారు. అంతేగా?" అన్నాను.

ఆయన ఫోను జేబులో పెట్టుకుని అవతలికి వెళ్ళిపోయారు. ఇంట్లో మొదటిసారి పెట్టిన ఆవకాయ ఎలా ఉంటుందో నాకు తెలుసు కానీ, ఆ మాట అనలేదు. నేను ఏలూరులో బడిపంతులమ్మని. పిల్లల మీద అరిచి అరిచి ఇంటికొచ్చేసరికి మొగుడి మీద అరిచే ఓపిక ఉండదని అందరూ అనుకుంటారు. అది నిజం కాదు.

ఆయనకి ఫోను మీద ఇంత మోజు ఎందుకో చెప్పాలి. కలిదిండి వైపు మా అన్నయ్యకి చేపల చెరువుంది. అందులో మా ఆయనకి వాటా ఉంది. చెరువులో నీళ్ళకి గాలి పట్టించే చక్రాలుంటాయి. వాటిని తిప్పే మోటారుకి గట్టు మీద స్తంభానికి ఒక రేకుపెట్టె బిగించారు. ఆ పెట్టెలో ఒక సిమ్ము. ఆ నంబరుకి ఎక్కడినుంచి ఫోను చేసినా పెట్టె తనే ఎత్తుతుంది. ఆగి ఉన్న మోటారు తిరుగుతుంది, తిరుగుతున్నది ఆగుతుంది. తర్వాత "మోటారు ఆన్ చేయబడింది" అని ఒక ఆడగొంతు మర్యాదగా చెబుతుంది. మా ఆయన రోజూ పదకొండు గంటలకి ఆఫీసులో టీ తాగి, ఏలూరులో కుర్చీలో కూర్చుని కలిదిండిలో మోటారు వేస్తారు. చెరువు విషయంలో ఆయన చేసే వ్యవసాయం అంతే. దానికే సాయంత్రం ఇంటికి నడుం నొప్పితో వస్తారు.

ఆ పెట్టెకి మనిషి తేడా తెలియదు. లోను కావాలా అండీ అని అడిగే అమ్మాయిలు ఫోను చేసినా వినయంగా మోటారు వేసేస్తుంది. అలా ఊరూ పేరూ తెలియని ఎంతమంది మా చేపలకి ఊపిరి పోశారో లెక్క లేదు.

మా అన్నయ్యకి ఒక్కతే కూతురు. తాడేపల్లిగూడెంలో హాస్టల్లో ఉండి ఎలక్ట్రానిక్స్ చదివింది. చదువయ్యాక ఇంటికొచ్చి కూర్చుని చాలాకాలమైంది. రాసిన పరీక్షలు రాస్తూనే ఉంది, వెళ్ళిన ఇంటర్వ్యూలకి వెళుతూనే ఉంది. పిల్ల నవ్వడం మానేసిందని మా వదిన కలిదిండి సంతకి వచ్చినప్పుడల్లా నాకు ఫోను చేసి ఏడ్చేది. అలాంటప్పుడు ఒక పెద్ద ఫోన్ల కంపెనీ నుంచి పిలుపు వచ్చింది. మా ఆయన ఫోను కంపెనీ కాదు, దాని పోటీ కంపెనీ. వాళ్ళూ సొంత చిప్పు చేసుకుంటున్నారట. సిగ్నలు సరిగా లేని చోట ఆ చిప్పు ఎలా పనిచేస్తుందో పరీక్షించే ఉద్యోగం. ఇంటర్వ్యూ ఫోనులోనే, మొహాలు చూసుకుంటూ. ఇది పోతే ఇంక ఎక్కడా ఉద్యోగం అడగనత్తా, ఇక్కడే ఏదో బళ్ళో చేరిపోతాను అంది. బళ్ళో చేరితే ఏమవుతుందో నన్ను చూస్తే తెలియడం లేదూ?

వానలు పడుతున్నాయి. మా అన్నయ్య ఊళ్ళో సిగ్నలు ఎలాగూ ఉండదు కాబట్టి పిల్లని ఏలూరు తెచ్చేద్దామని ముందు రోజే నేను బయలుదేరాను. పిల్ల ఫోను కెమెరా పాడైందని తెలిసి, వానల్లో దారిలో ఎక్కడైనా ఆగిపోతే పనికొస్తుందని మా ఆయన తన కొత్త ఫోను నా చేతిలో పెట్టారు. కన్యాదానం చేసే మనిషి మొహం కూడా అంత దిగులుగా ఉండదు. "చిప్పుల కంపెనీ వాళ్ళతో మాట్లాడేటప్పుడు చిప్పున్న ఫోను ఉండాలి. అడివిలో అయినా సిగ్నలు లాక్కొస్తుంది ఇది" అన్నారు. నా ఫోను తన దగ్గర ఉంచుకున్నారు. మోటారు వెయ్యాలి కదా!

నేను వెళ్ళేసరికి కొల్లేరు నీళ్ళు రోడ్డు అంచులు తాకుతున్నాయి. తెల్లారేసరికి మా అన్నయ్య ఊరినుంచి పెద్ద రోడ్డుకి పోయే దారి కనపడలేదు. ట్రాక్టరు అడిగితే రాదన్నారు. పడవలన్నీ తెగిన గట్టు దగ్గరికి మట్టిబస్తాలు మొయ్యడానికి పోయాయి. ఇంటర్వ్యూ పదకొండింటికి.

కొత్త ఫోను తీసి చూశాను. సిగ్నలు ఒక్క గీత లేదు. డాబా ఎక్కాను, లేదు. చర్చి అరుగు మీద నిలబడ్డాను, లేదు. దారిన పోయే ప్రతివాళ్ళూ "అక్కడ రాదండీ" అని చెప్పి వెళుతున్నారు. ఎక్కడ వస్తుందో మాత్రం ఒక్కళ్ళూ చెప్పరు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"మావయ్య సిమ్ము కంపెనీ టవరే ఇటువైపు లేదత్తా. టవరు లేని చోట చిప్పు ఏం చేస్తుంది పాపం" అంది మా మేనకోడలు.

అప్పుడు మా వదిన, పొయ్యి దగ్గర్నుంచి లేవకుండానే, "మరి మన మోటారుకి వస్తుందిగా" అంది.

నిజమే. ఇంటిల్లిపాదిలో సిగ్నలు అందే ప్రాణి ఆ మోటారు ఒక్కటే. చదువుకున్న పిల్లకి లేని సౌకర్యం దానికి ఉంది. మా అన్నయ్య గొడుగేసుకుని గట్టు మీదకి వెళ్ళి, రేకుపెట్టె విప్పి, లోపలి సిమ్ము జాగ్రత్తగా గుడ్డలో చుట్టి తెచ్చాడు. దాన్ని మా ఆయన ఫోనులో పెట్టి గట్టు మీదకి నడిచాం. గీతలు వచ్చాయి. వెంటనే మా ఆయనకి ఫోను చేసి, ఇలా సిమ్ము తీశాం, దీనికి ఇంటర్‌నెట్టు వేయించండి, ఇవాళ దీనికి ఫోను చెయ్యకండి అని చెప్పాను. "నాకు చెప్పాలా! చిన్నపిల్లాణ్ణా?" అన్నారు. చెప్పినట్టే వేయించారు కూడా.

ఇక గట్టు మీద కుర్చీ ఎక్కడ వెయ్యాలన్నది ఒక గొడవ. ఒక అడుగు ఇటు జరిగితే గీతలు పోతున్నాయి, అటు జరిగితే వస్తున్నాయి. టవరు నుంచి నేరుగా వచ్చేది ఒకటి, చెరువు నీళ్ళ మీద పడి వచ్చేది ఒకటి, రెండూ కలిసే చోట ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయని పిల్ల చెప్పింది. మా అన్నయ్య దానికి తల ఊపి, కుర్చీ కాళ్ళ చుట్టూ బురదలో గీత గీశాడు. ఆ గీత దాటొద్దు తల్లీ అన్నాడు.

చక్రాల చప్పుడుకి పక్కమనిషి మాట వినపడదు. అందుకని మోటారు ఆపేశాడు. "గంటేగా, ఏం కాదులే" అన్నాడు. మబ్బు పట్టిన రోజు నీళ్ళలో గాలి తక్కువుంటుంది, మోటారు ఆపకూడదు. ఆ సంగతి నాకన్నా అన్నయ్యకే బాగా తెలుసు. తర్వాత పక్క చెరువుల వాళ్ళ దగ్గరికి వెళ్ళాడు. చేపల్ని ఎత్తుకుపోయే కొంగల్నీ గూడబాతుల్నీ తరమడానికి అక్కడ పొద్దస్తమానం టపాకాయలు కాలుస్తారు. "మా అమ్మాయికి ఇంటర్వ్యూ అండీ, ఒక్క గంట కాల్చకండి" అని బతిమాలాడు. "అయ్యో, దాందేముందండీ, అమ్మాయిగారి ఉద్యోగం కంటేనా" అని అందరూ ఒప్పుకున్నారు. గోదావరి మనుషుల మర్యాద చూడండి, కాల్చడం మానేశారు కానీ పిట్టల్ని వదల్లేరు కదా. భుజం మీద తువ్వాళ్ళు తీసి నోరు మెదపకుండా గాల్లో ఊపుతూ గట్ల మీద నిలబడ్డారు.

మొదలెట్టేముందు మా అన్నయ్య ప్రార్థన చేశాడు. ప్రభువా, మా బిడ్డ నాలుకని దీవించు, ఆ టవరుని నీ రెక్కల నీడన కాపాడు, కరెంటు వాళ్ళకి మంచి బుద్ధి ఇవ్వు అన్నాడు. మేమంతా ఆమెన్ అన్నాం. నేను కొంచెం గట్టిగానే అన్నాను.

ఇంటర్వ్యూ చేసేవాళ్ళు ఇద్దరు, ఒక ఆవిడా ఒకాయనా. తెలుగువాళ్ళు కాదు. పక్కన ఎవరూ ఉండకూడదన్నారట, అందుకని నేను గట్టు మీది పాక వెనకాల నక్కాను. పిల్ల నిదానంగా, తడబడకుండా చెబుతోంది. వాళ్ళు బాగుంది బాగుంది అంటున్నారు. నా ప్రాణం కుదుటపడింది.

సరిగ్గా అప్పుడు ఫోనులోంచి ఒక ఇంగ్లీషు ఆడగొంతు గట్టు గట్టంతా మారుమోగేలా "హై ఓల్టేజ్ కాలింగ్" అంది.

ఎవరు ఫోను చేస్తే వాళ్ళ పేరు చదివే ఏర్పాటు మా ఆయన ఆ ఫోనులో పెట్టుకున్నారు. పిల్ల కట్ చేసింది. మళ్ళీ "హై ఓల్టేజ్ కాలింగ్." మూడోసారి అదే పిలుపు. ఇక తప్పక పిల్ల ఎత్తింది. "ఎవరండీ? పెట్టెలో ఎవరున్నారండీ? మోటారు ఏదండీ?" అని మా ఆయన గొంతు. పొద్దున ఆ సిమ్ముకి ఇంటర్‌నెట్టు వేయించిన మనిషికే, టీ తాగగానే వేలు దానంతటదే ఆ నంబరు మీదకి పోయింది. పోతే పోయింది. ఆయన చేస్తున్నది నా ఫోను నుంచి. అంటే ఆయన ఫోనులో నా పేరు ఏమని రాసుకున్నారో, ఇరవై ఏళ్ళు కాపురం చేశాక, ఒక పాక వెనకాల బురదలో చతికిలబడి ఆ రోజు తెలుసుకున్నాను.

"ఇంటర్వ్యూ మావయ్యా" అంది పిల్ల.

"అయ్యో, మర్చిపోయానమ్మా, బాగా చెయ్యి" అని పెట్టేశారు.

హై ఓల్టేజ్ అంటే ఏమిటని వాళ్ళు అడిగారు. పిల్ల నిజం చెప్పేసింది. అది మా మేనత్త అని, చేసింది మావయ్య అని, ఈ సిమ్ము మా మోటారుదని, దారి మునిగితే అరువు తెచ్చుకున్నానని. నేను కళ్ళు మూసుకున్నాను. అయిపోయింది, పిల్ల బళ్ళో చేరిపోతుంది అనుకున్నాను. కానీ వాళ్ళు నవ్వుతున్నారు. ఇద్దరూ కుర్చీలు ముందుకి జరుపుకున్నారట. నీళ్ళ మధ్య సిగ్నలు ఎలా ఉంటుంది, కుర్చీ చోటు ఎలా పట్టావు, గాలి వీస్తే ఏమవుతుంది అని ఒకటే ప్రశ్నలు. పిల్ల మొహంలో వెలుగొచ్చింది. బురదలో గీసిన గీత కూడా ఫోను వంచి చూపించింది. వెనక ఆ మనుషులు తువ్వాళ్ళు ఎందుకు ఊపుతున్నారని అడిగితే అదీ చెప్పింది. గంట దాటిపోయింది.

నేను చెరువు వైపు చూశాను. చేపలు పైకి వస్తున్నాయి. ముందు ఒక మూల, తర్వాత నీళ్ళ నిండా, గాలి అందక నోళ్ళు తెరుచుకుని. మా అన్నయ్య అప్పటికే చూశాడు. పెట్టె దగ్గరికి వెళ్ళి పచ్చబొత్తాం నొక్కితే చాలు, మోటారు తిరుగుతుంది. వెళ్ళలేదు. పంచె ఎగ్గట్టి నడుం లోతు నీళ్ళలోకి దిగి, తెడ్డుతో నీళ్ళని కొట్టడం మొదలెట్టాడు. నీళ్ళు కదిలితే కాస్త గాలి పడుతుందని. గట్టిగా కొడితే చప్పుడవుతుంది కాబట్టి మెల్లగా కొడుతున్నాడు. మా వదిన సత్తుగిన్నెతో నీళ్ళు ఎత్తి ఎత్తి పోస్తోంది. అదీ చప్పుడు కాకుండా. నేనూ చీర దోపుకుని దిగాను. ఒక చెరువు చేపలకి ముగ్గురు మనుషులం గుసగుసగా ఊపిరి పోస్తున్నాం. తువ్వాళ్ళ వాళ్ళు చూసి వాళ్ళూ ఒక్కొక్కరే దిగారు.

"మోటారు వెయ్యి అన్నయ్యా" అన్నాను పళ్ళ బిగువున.

"ఇంకాసేపు. అది నవ్వుతుందమ్మా, చూడు" అన్నాడు.

ఫోనులో ఆవిడ అడిగినట్టుంది, మీ వెనక అందరూ నీళ్ళలో ఏం చేస్తున్నారని. పిల్ల వెనక్కి తిరిగింది. చూసింది. దాని మొహం నేను మర్చిపోలేను. "క్షమించండి, నేను వెళ్ళాలి" అని వాళ్ళకి చెప్పి, గీత దాటి, తిన్నగా స్తంభం దగ్గరికి నడిచి బొత్తాం నొక్కింది. చక్రాలన్నీ ఒక్కసారి హోరుమన్నాయి.

మళ్ళీ కుర్చీలో కూర్చుంది కానీ ఇంక ఎవరికీ ఎవరి మాటా వినపడలేదు. నీ నంబరు ఎంత అని ఆవిడ అరుస్తోందట. ఆ ఊళ్ళో మోగే నంబరు ఒకటే. పిల్ల ఒక్కో అంకె వేళ్ళతో చూపించింది. ఫోను ముందు వేళ్ళు ముడుస్తూ తెరుస్తూ మోటారు నంబరు మొత్తం చెప్పింది. ఆఖరి అంకె దగ్గర బొమ్మ పోయింది. మళ్ళీ రాలేదు.

"ఎందుకు వేశావమ్మా, ఇంకాసేపు కొట్టేవాళ్ళంగా" అన్నాడు మా అన్నయ్య, ఒళ్ళంతా నీళ్ళు కారుతూ. "నాకు చెప్పొద్దా నాన్నా?" అని పిల్ల ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది. ఏడుపొస్తే నేను తిడతాను. కనపడిన ప్రతివాళ్ళనీ, చేపల్తో సహా తిట్టాను. చేపలు దక్కాయి. సిమ్ము మళ్ళీ పెట్టెలోకి వెళ్ళింది.

దారి మీద నీళ్ళు తీశాక మా ఆయన ఏలూరు నుంచి వచ్చారు. కొత్త ఫోను చూసుకున్నాక నన్ను చూశారు. హై ఓల్టేజ్ గొడవ గుమ్మంలోనే ఒకసారి అయింది కాబట్టి నాకు కొంచెం దూరంగానే కూర్చున్నారు. కంపెనీ నుంచి ఏ కబురూ లేదు. ఆ ఊళ్ళో కబురు వస్తే కదా తెలిసేది. మా వదిన బొచ్చెచేప పులుసు వండింది. అందరం అన్నానికి కూర్చున్నాం.

"బావగారూ, ఒక మాటండీ" అన్నాడు మా అన్నయ్య మొహమాటంగా. "నిన్నట్నుంచి మీరు మోటారు మాటిమాటికీ వేసి ఆపుతున్నారండి. కరెంటు బిల్లు మాటేమో గాని, మోటారు కాలిపోద్దండి."

"నేనా? దేవుడి తోడు, నేను రోజుకి ఒక్కసారేనండీ" అన్నారు మా ఆయన.

ఆ మాట ఇంకా నోట్లో ఉండగానే దూరంగా చక్రాలు హోరుమన్నాయి. అందరం మా ఆయన వైపు చూశాం. ఆయన రెండు చేతులూ పైకెత్తారు. ఒకదానికి పులుసన్నం, రెండోది ఖాళీ. ఫోను గూట్లో చార్జింగులో ఉంది.

"లోను వాళ్ళయ్యుంటారు" అంది వదిన.

చక్రాలు ఆగిపోయాయి. కాసేపటికి మళ్ళీ తిరిగాయి.

"లోను వాళ్ళు ఒకసారి చేసి ఊరుకుంటారు" అని పిల్ల లేచింది. చెయ్యి కూడా కడుక్కోలేదు. మావయ్య ఫోను ఎడం చేత్తో లాక్కుని, చెప్పుల్లేకుండా గట్టు మీదకి పరుగెత్తింది. వెనక మేమందరం. పెట్టె విప్పి సిమ్ము ఫోనులో వేసి గీత గీసిన చోట నిలబడింది. గీత వానకి చెరిగిపోయినా చోటు దానికి తెలుసు. మేం నిలబడి ఆయాసపడుతున్నాం. ఫోను మోగింది.

ఆవిడే. స్పీకరు పెట్టింది పిల్ల. మెయిలు పంపితే జవాబు లేదు, నిన్నట్నుంచి ఫోను చేస్తుంటే ఎవరో అమ్మాయి ఏదో చెప్పి పెట్టేస్తోంది, మా ఆఫీసులో తెలుగు వచ్చినవాళ్ళని పిలిచి వినిపిస్తే మోటారు ఆన్ చేయబడింది అంటోందని చెప్పారు, అంది. "మీ మోటారుని నిన్నట్నుంచి మేమే నడుపుతున్నాం. చేపలు బాగున్నాయా?" అని అడిగింది. ఆ తర్వాతే ఉద్యోగం సంగతి చెప్పింది.

పిల్ల ఇప్పుడు బెంగళూరులో ఉంది. ఆ ఊళ్ళో సిగ్నలు లేదు, ఇప్పటికీ అంతే. దాని కంపెనీ సొంత చిప్పు ఫోను మా అన్నయ్యకి ఒకటి పంపింది. అది బీరువాలో భద్రంగా ఉంది. మా ఆయనకి మాత్రం మోటారు పని పోయింది. పదకొండింటికి టీ తాగి ఊరికే కూర్చుంటున్నారు. ఏం తోచక తన ఫోనులో నా పేరు మార్చారు, ఏమని మార్చారో నేను అడగలేదు.

మోటారు ఇప్పుడు పొద్దున్నే తిరుగుతోంది. మొన్న నేను వెళ్ళినప్పుడు చూశాను. మా అన్నయ్య కాఫీ గ్లాసు పట్టుకుని గట్టు మీదకి వెళ్ళి స్తంభం పక్కన నిలబడ్డాడు. చెయ్యడానికి అక్కడ పనేం లేదు. కాసేపటికి చక్రాలు వాటంతటవే తిరగడం మొదలెట్టాయి. మా అన్నయ్య పాక వైపు తిరిగి మా వదినకి వినపడేలా గట్టిగా అరిచాడు.

"ఏమేవ్, అమ్మాయి లేచింది!"